45 డాలర్లకు ఎండుద్రాక్ష పాకం

కాలిఫోర్నియాలోని హీల్డ్స్‌బర్గ్‌లో పార్కు పక్కనున్న ఒక టేస్టింగ్ రూమ్‌లో మనిషికి 45 డాలర్లు కట్టి మూడు జిన్‌ఫాండెల్‌లు (అదే పేరున్న నల్ల ద్రాక్షతో చేసే రెడ్ వైన్) రుచి చూశాం. లేబుల్ మీద ‘ఓల్డ్ వైన్’ అని బంగారు అక్షరాలు. (ఇక్కడ వైన్ అంటే తాగేది కాదు, ద్రాక్ష తీగ. తెలుగులో రాస్తే రెండూ ఒకటే అయిపోతాయి, అదో తంటా.) తీగల వయసెంత అని అడిగితే పోసే కుర్రాడు ‘చాలా పాతవి’ అని నవ్వాడు. అమెరికా చట్టంలో ఆ మాటకి ఇన్నేళ్ళని లెక్కేమీ లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. తాగితే ఎండుద్రాక్ష పాకం, గొంతులో మంట, సీసా తిప్పి చూస్తే ఆల్కహాల్ 15.8 శాతం! ఈ ద్రాక్షతో చిక్కే అది, ఒకే గుత్తిలో కొన్ని పచ్చిగా ఉండగానే కొన్ని వడిలిపోతాయి, పచ్చివి పండేదాకా ఆగితే చక్కెర పెరిగి ఆల్కహాల్ తన్నుకొస్తుంది. డ్రైవింగ్ కోసం మంచినీళ్ళు తాగుతూ కూర్చున్న మా బావమరిదికి కూడా 45 వేశారు. వాడు సాయంత్రం దాకా మొహం మాడ్చుకునే ఉన్నాడు.

రిడ్జ్ అనే వైనరీ వాళ్ళ లిటన్ స్ప్రింగ్స్ తోటకి వెళ్ళాక ప్రాణం లేచొచ్చింది. నేరేడు పండు, కాస్త మిరియం, చివర్లో సన్నటి వగరు, అంతే. వందేళ్ళు దాటిన తీగలున్న తోట, అప్పట్లో జిన్‌ఫాండెల్‌తో పాటు పెటిట్ సిరా, కారిన్యాన్ అనే వేరే ద్రాక్ష రకాలూ కలగలిపి నాటేవారు. 75 శాతం జిన్‌ఫాండెల్ లేకపోతే సీసా మీద ఆ పేరు వేయకూడదు కాబట్టి తోట పేరే పెట్టారు, ఏది ఎంతో శాతాలతో సహా రాస్తారు.

రాత్రి మోటెల్ 174 డాలర్లు, శుభ్రంగానే ఉంది.

ఆదివారం లోడై అనే ఊరు. ఒక చిన్న వైనరీలో టేస్టింగ్ 15, సీసా కొంటే అదీ మాఫీ. పెద్దాయన మమ్మల్ని తోటలోకి తీసుకెళ్ళాడు. తీగలంటే పందిరి ఊహించుకున్నా, అసలు తీగే లేదు, నడుమెత్తు నల్లటి మొద్దు, బెరడు పెచ్చులూడుతోంది, లోపల తొర్రలో చెయ్యి పడుతుంది, పైన మాత్రం పచ్చటి ఆకులు. కాళ్ళు ఇసకలో దిగబడుతున్నాయి. ఫిలోక్సెరా అనే వేరు పురుగు ఇసకలో బతకలేదు కాబట్టే అంటు కట్టకుండా సొంత వేళ్ళ మీద ఇన్నేళ్ళు నిలిచాయట. ఆ వైన్ 14 శాతమే, నాజూగ్గా ఉంది, 28 డాలర్లు. రెండు కొన్నాం.

మా ఆవిడ తెచ్చిన పులిహోరతో తాగి చూశాం, చింతపండు పులుపుకి వైన్ చప్పబడిపోయింది, ఆ తప్పు చేయకండి. ఇంటికొచ్చాక మటన్ వేపుడుతో రెండో సీసా తీస్తే బావమరిది ఒక్కడే సగం లాగించాడు. వెళ్ళేవాళ్ళు ముందే ఫోన్ చేసి, తాగని మనిషికి కూడా ఫీజు వేస్తారా అని అడగండి.