రాక్సీ ఆట, మా ఇంటి వైకుంఠపాళి

రాజోలు దగ్గర కొబ్బరి కొట్టులో దింపు లెక్కలు రాసే గుమాస్తాను. కంప్యూటర్ ఆటను సమీక్షించే అర్హత నాకు లేదు. కాకపోతే మా పెద్దవాడు ఈ ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని చాలా రాత్రులు గడిపాను.

ఆట పేరు రీ-మిషన్. క్యాన్సర్ వచ్చిన పిల్లలు, యువకుల కోసం అమెరికాలోని హోప్‌ల్యాబ్ సంస్థ 2006లో విడుదల చేసింది. హైదరాబాదులో ఉండే మా మేనల్లుడు పాత కంప్యూటర్‌లో పెట్టి ఇచ్చాడు. రాక్సీ అనే బుల్లి రోబో అమ్మాయి రోగి ఒంట్లోకి దూరి క్యాన్సర్ కణాలను కాల్చేస్తుంది. రోగి మందులు ఎగ్గొడితే ఆమె ఆయుధం సరిగా పేలదు, తప్పించుకున్న కణాలు మొండికెత్తుతాయి. అప్పట్లో క్యాన్సర్ చికిత్సలో ఉన్న మావాడి చేత రాత్రి మాత్ర మింగించడమంటే రోజూ ఒక పంచాయితీ. ఆ ఘట్టం ఆడిన రాత్రి నీళ్ల గ్లాసు వాడే తెచ్చుకున్నాడు. అబద్ధం ఎందుకు, వారం తిరిగేసరికి మళ్లీ మారాం చేశాడు.

మా ఒక్కడిని చూసి ఆట మంచిదని రాయలేను కదా. 2008లో పీడియాట్రిక్స్ పత్రికలో దీనిమీద అధ్యయనం వచ్చింది. 34 వైద్య కేంద్రాలు, 13 నుంచి 29 ఏళ్ల లోపు రోగులు 375 మంది. మామూలు ఆట మాత్రమే ఆడినవారి కంటే ఇది కూడా ఆడినవారు మందులు క్రమంగా వేసుకున్నారు, జబ్బు గురించి ఎక్కువ తెలుసుకున్నారు. మానసిక ఒత్తిడిలో మాత్రం తేడా రాలేదు. ఆ ముక్క దాచకుండా రాశారు కాబట్టే మిగతా అంకెల మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆటంతా ఇంగ్లీషులోనే ఉంటుంది, పక్కన ఒకరు కూర్చుని చెప్పాలి. పైగా అది చికిత్సలో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని చేసినది. మా చిక్కు చికిత్స అయ్యాక మొదలైంది.

"కణాలన్నీ చచ్చిపోయాయి కదా నాన్నా, మళ్లీ విశాఖ ఆసుపత్రికి ఎందుకు?" అన్నాడు.

ల్యుకేమియాకు, అంటే రక్త క్యాన్సర్‌కు, వాడికి ఎక్కించిన ఎర్ర మందు డాక్సోరుబిసిన్ ఏళ్ల తర్వాత కూడా కొందరి గుండెను బలహీనపరచవచ్చు. అందుకే అప్పుడప్పుడూ ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించాలి. పధ్నాలుగేళ్లు వచ్చినా ఆ మందు పేరు వాడికి తెలియదు. నా సంచిలోని ఫైలుకే తెలుసు.

పాత క్యాలెండర్ వెనక వైకుంఠపాళి గీశాను. ఎకోకు వెళితే నిచ్చెన. మందు పేరు తప్పు లేకుండా పలికితే మరో నిచ్చెన, అన్నిటికంటే పొడవైనది. జ్వరం వస్తే పాము.

మొదటి ఆటలోనే వాడు ఆ పాము నోట్లో పడ్డాడు. గవ్వలు కింద పెట్టి, "జ్వరం రావడం నా తప్పా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. పెన్సిల్ లాక్కుని ఆ గడిలో 'జ్వరం వస్తే చెప్పకుండా దాచాను' అని వాడే దిద్దాడు.

పోయిన ఆదివారం చెల్లెలు డాక్సోరుబిసిన్ అని తడుముకోకుండా పలికి, పొడుగు నిచ్చెన ఎక్కి గెలిచింది. వాడు ఒప్పుకోలేదు.

"అది నా మందు. నువ్వు చెబితే లెక్కలోకి రాదు."