లిఫ్ట్ చేసిన జీపుకు 4 డిగ్రీల స్టీల్ టేపర్ షిమ్‌లు: కొలిచాకే కొనండి

కమాన్‌కూ ఇరుసుకూ మధ్య పెట్టి ఇరుసు కోణం మార్చే ఏటవాలు ముక్కలివి. సరుకు బాగుంది. రెండు ముక్కలూ గట్టి స్టీలు, కమాన్ పట్టీలను కలిపే సెంటర్ బోల్ట్ బెజ్జం సరిగ్గా మధ్యలో ఉంది. అల్యూమినియం షిమ్‌లు మాత్రం వద్దు. మన రాళ్ల వంకల్లో అవి నలిగి పగులుతాయి, కమాన్‌ను ఇరుసుకు బిగించే యూ బోల్టులు లూజవుతాయి. డిగ్రీ నిజమో కాదో వెర్నియర్‌తో చూడొచ్చు: 125 మి.మీ. పొడవు ముక్కకు రెండు చివర్ల మందంలో తేడా సుమారు 9 మి.మీ. ఉంటే 4 డిగ్రీలే.

చిక్కంతా లిఫ్ట్ చేసిన (ఎత్తు పెంచిన) ప్రతి బండికీ 4 డిగ్రీలే అంటగట్టడంలో ఉంది. బండిని చదును నేల మీద, జాకీ లేకుండా నిలిపి, అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్‌తో మూడు చోట్ల కొలవాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఫ్లాంజ్ వెనక్కి 3 డిగ్రీలు, ప్రొపెల్లర్ షాఫ్ట్ 11 డిగ్రీలు వాలి, పినియన్ (షాఫ్ట్ తగులుకునే ఇరుసు ముందు గేరు) 0లో ఉందనుకుందాం. పై క్రాస్ (షాఫ్ట్ చివర వంగే జాయింట్) దగ్గర కోణం 8, కింద 11. ఈ తేడా వల్లే అనంతపురం నుంచి గుత్తి వైపు హైవేలో 70 దాటగానే ఫ్లోర్ అదురుతుంది. రెండు కోణాలూ సమానం కావాలంటే పినియన్ ముక్కు 3 డిగ్రీలు పైకి చూడాలి. కానీ యాక్సిలరేటర్ తొక్కితే కమాన్లు మెలితిరిగి ముక్కు తనే 1 నుంచి 2 డిగ్రీలు లేస్తుంది. కాబట్టి 2 డిగ్రీల షిమ్ చాలు. 4 పెడితే లోడ్‌లో 5, 6కు పోయి అదురు మళ్లీ మొదలవుతుంది. పై చివర డబుల్ కార్డన్ జాయింట్ (రెండు క్రాస్‌లు కలిసినది) ఉంటే లెక్క వేరు. ముక్కు షాఫ్ట్‌కు సూటిగా, ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉండాలి. కమాన్ వెనక చివర పొడవైన షాకిల్స్ (కమాన్‌ను ఛాసిస్‌కు వేలాడదీసే పట్టీలు) వేసి ఉంటే అవే ముక్కును పైకి లేపుతాయి, షిమ్ అక్కర్లేకపోవచ్చు.

ముక్కు లేవాలంటే, కమాన్ ఇరుసు పైన ఉంటే షిమ్ మందం వైపు వెనక్కి, కమాన్ ఇరుసు కింద ఉంటే ముందుకి పెట్టాలి. ఇక్కడే ఎక్కువమంది తిరగేసి బిగిస్తారు.

జతతో సెంటర్ బోల్టులు రాకపోవడం పెద్ద లోటు. పాత బోల్ట్ తల షిమ్‌లోనే మునిగితే ఇరుసు మీది ప్యాడ్ బెజ్జంలో కూర్చోదు, ఇరుసు పక్కకు జరుగుతుంది. పొడవైన కొత్త బోల్టులు, కొత్త యూ బోల్టులు విడిగా కొనాలి. 100 కిలోమీటర్లకు, మళ్లీ 500కు నట్లు బిగించాలి. ముక్కు లేచిన హౌసింగ్‌లో పినియన్ ముందు బేరింగ్‌కు ఆయిల్ తక్కువ అందుతుంది, గేర్ ఆయిల్ మట్టం కాస్త ఎక్కువ ఉంచండి.