డిగ్రీ చదువుతూ మిలిటరీ: అగ్నివీరా, ఆఫీసరా? ఏది మేలు?

నాలుగేళ్లకి సైన్యంలో జవానుగా తీసుకునే అగ్నివీర్ నోటిఫికేషన్ పడిందంటే మా కాలేజీలో వెనక బెంచీలు ఖాళీ అయిపోతాయి. కుర్రాళ్లంతా తెల్లారేసరికి కాలవ గట్టు మీద పరిగెడుతూ ఉంటారు. అమలాపురం, భీమవరం, తణుకు ఎక్కడ చూసినా ఇదే వరస. వారం గడిచాక రెండో ఏడాది కుర్రాడు ఒకడు వస్తాడు. "మేస్టారూ, డిగ్రీ ఆపేసి మిలిటరీకి వెళ్లిపోనా? లేకపోతే డిగ్రీ అయ్యాక సీడీఎస్ రాసి ఆఫీసర్‌గా వెళ్లనా?" అంటాడు. సీడీఎస్ అంటే డిగ్రీ వాళ్లని సైన్యంలో ఆఫీసర్లుగా తీసుకునే పరీక్ష. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ముందు జీతం చూస్తారు, తర్వాత హోదా. నేను మాత్రం ముందు పుట్టినతేదీ అడుగుతాను.

2022 జూన్‌లో అగ్నివీరుల పథకం అగ్నిపథ్ ప్రకటించినప్పుడు పెట్టిన వయసు పదిహేడున్నర నుంచి 21. మొదటి ఏడాదికి మాత్రం 23 దాకా సడలించారు. సర్వీసు నాలుగేళ్లు. ఆఫీసర్ వైపు చూస్తే, సీడీఎస్‌లో డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీ (ఐఎంఏ)కి 24, చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)కి 25 దాటకూడదు. ఆ వయసు కూడా పరీక్ష రాసే రోజుకి కాదు, కోర్సు మొదలయ్యే నాటికి లెక్కేస్తారు. ఈ రెంటికీ మధ్య ముప్పావు ఏడాది, ఒక్కోసారి ఏడాది గడిచిపోతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. ఇరవై ఏళ్లకు అగ్నివీర్‌గా చేరినవాడు బయటికి వచ్చేసరికి ఇరవై నాలుగు. ఐఎంఏ దారి మూసుకుపోయినట్టే. ఓటీఏకి ఒక్క అవకాశం దొరికితే గొప్ప, అదీ చేతిలో డిగ్రీ ఉంటేనే. "ముందు జవానుగా చేరతాను, తర్వాత ఆఫీసర్ అవుతాను" అనే మాట డిగ్రీ చివరి ఏడాది వాడి నోట వింటుంటే నాకు భయం వేసేది ఇందుకే. ఆ నాలుగేళ్లూ సరిగ్గా ఆఫీసర్ పరీక్షలు రాయాల్సిన నాలుగేళ్లే.

అదే ఇంటర్ అవగానే పద్దెనిమిదికి చేరినవాడి సంగతి వేరు. ఇరవై రెండుకల్లా బయటికి వస్తాడు. సర్వీసులో ఉండగా ఇగ్నో దూరవిద్య ద్వారా డిగ్రీ చేసుకునే ఏర్పాటు ఉంది. సైన్యంలో పొందిన శిక్షణకే ఆ డిగ్రీలో సగం క్రెడిట్లు ఇస్తారు. అది పూర్తి చేసుకుని వస్తే సీడీఎస్ రెండు మూడుసార్లు రాసుకోవచ్చు. సైన్యం అంటే ఏమిటో తెలిసినవాడు కాబట్టి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి కూడా ఏదో ఉంటుంది. కాబట్టి జవాను నుంచి ఆఫీసర్ అనే దారి ఉన్నా, అది ఇంటర్ కుర్రాడి దారి. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. ఇంటర్ వాళ్లని ఇంజనీరింగ్‌లో పడేస్తాం, డిగ్రీ చివరి ఏడాది వాళ్లకి అగ్నివీర్ గుర్తొస్తుంది.

డెహ్రాడూన్‌లో ఆర్మీ క్యాడెట్ కాలేజీ ఉందిగా, జవాన్లని ఆఫీసర్లని చేస్తారుగా అని కొందరు అడుగుతారు. ఉంది, మంచిదే. కానీ అది రెగ్యులర్ సర్వీసులో ఉన్న జవాన్లను దృష్టిలో పెట్టుకుని నడిచే దారి. నాలుగేళ్ల తర్వాత ఉంచుకుంటారో లేదో తెలియని దశలో దాన్ని నమ్ముకుని ఇవాళ డిగ్రీ ఆపడం తెలివైన పని కాదు.

ఇక డబ్బు. తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది, రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. మిలిటరీ మాధవరం అంటే అందరికీ తెలుస్తుంది. అలాంటి ఊళ్లలో పెద్దవాళ్లు "మిలిటరీకి వెళ్లరా, చచ్చేదాకా పింఛను వస్తుంది" అంటే అందులో అబద్ధమేం లేదు. వాళ్ల కాలంలో పదిహేనేళ్లు చేసి వచ్చిన జవానుకి పింఛను ఉండేది. అగ్నివీర్‌కి లేదు. గ్రాట్యుటీ కూడా లేదు. మొదటి ఏడాది నెలకు 30,000, నాలుగో ఏడాదికి 40,000. అందులో 30 శాతం, సర్వీసు చివర చేతికిచ్చే సేవానిధికి పోతుంది కాబట్టి చేతికి వచ్చేది మొదట 21,000, చివర 28,000. కోసినంతా ప్రభుత్వం కూడా వేస్తుంది. నాలుగేళ్లకి వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు అని ప్రకటించారు, దానికి ఆదాయపన్ను లేదు. 48 లక్షల బీమా ఉంది. నాలుగేళ్ల తర్వాత బ్యాచ్‌లో 25 శాతం దాకా ఉంచుకుంటారు, వాళ్లు కనీసం ఇంకో పదిహేనేళ్లు చేస్తారు. మిగిలినవాళ్లు ఇంటికి.

పదకొండు లక్షలు ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి తక్కువ డబ్బేం కాదు. అయితే కోనసీమలో దాంతో ఎకరం పొలం రాదు. చెల్లి పెళ్లి, కౌలు అప్పు, ఇంటి స్లాబు అంటూ మూడు నెలల్లో కరిగిపోతుంది. ఆ తర్వాత ఏం చేస్తాడన్నదే ప్రశ్న. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో అగ్నివీరులకు 10 శాతం రిజర్వేషన్, వయసు సడలింపు 2022లో ప్రకటించారు. దానికీ పోటీ పడాల్సిందే.

ఆఫీసర్ వైపు అంకెలు వేరుగా ఉంటాయి. అకాడమీలో శిక్షణ కాలంలోనే నెలకు 56,100 స్టైపెండ్. లెఫ్టినెంట్ అయ్యాక మూలవేతనం 56,100, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ వగైరా. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది, చాలామంది చెప్పరు. ఐఎంఏ నుంచి వస్తే పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఆఫీసర్ ఉద్యోగం. ఓటీఏ నుంచి వస్తే షార్ట్ సర్వీస్, పదేళ్లు, కావాలంటే ఇంకో నాలుగేళ్లు. ఆ పది పద్నాలుగేళ్లకే బయటికి వచ్చేస్తే ఆఫీసర్‌కైనా పింఛను రాదు. "ఆఫీసర్ అయితే లైఫ్ సెటిల్" అని మనవాళ్లు అనేది సగమే నిజం.

పరీక్షల విషయానికి వస్తే రెండూ ఒకే రకం కష్టం కాదు. అగ్నివీర్‌ది శరీరం పరీక్ష. ఆన్‌లైన్ పరీక్ష ముందు పెడతారు, అది గట్టిగా చదివితే దాటొచ్చు. తర్వాత జరిగే భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు పరిగెడితే 60 మార్కులు. పది పుల్‌అప్‌లకి 40 మార్కులు, ఆరుకి 16 మాత్రమే. మన కుర్రాళ్లు రోజంతా పరుగు మీదే పెడతారు, పుల్‌అప్‌లు వదిలేస్తారు. గట్టు మీద తిన్నగా పరిగెత్తడం అలవాటైనవాడికి గ్రౌండులో మలుపులు, పక్కవాడి మోచేతులు కొత్త. మా ఊరి కుర్రాళ్లు కొందరు రెండు కొబ్బరిచెట్ల మధ్య జీఐ పైపు కట్టుకుని పుల్‌అప్‌లు చేస్తున్నారు. చెట్టు ఊగుతుంది, ఊగినా పది తీయగలిగినవాడికి ర్యాలీలో బార్ తేలిక.

సీడీఎస్ రాతపరీక్ష ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, లెక్కలు. ఓటీఏకి లెక్కలు అక్కర్లేదు. లెక్కలు పదో తరగతి స్థాయే. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లో, హిందీలో ఉంటుంది, తెలుగులో ఉండదు. తప్పు జవాబుకి మూడో వంతు మార్కు కోస్తారు. ఏడాదికి రెండుసార్లు పెడతారు. ఆర్ట్స్, కామర్స్, సైన్స్ ఎవరైనా రాయొచ్చు, చివరి ఏడాదిలో ఉండగానే. ఇదంతా చదివితే వస్తుంది. మనవాళ్లు ఆగిపోయేది ఎస్‌ఎస్‌బీ దగ్గర, అంటే ఆఫీసర్లని ఎంచే ఇంటర్వ్యూ బోర్డు దగ్గర.

ఎస్‌ఎస్‌బీ అయిదు రోజులు. మొదటి రోజే స్క్రీనింగ్. మసగ్గా ఉన్న ఒక బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి, తర్వాత గుంపులో కూర్చుని అందరూ కలిసి ఒక కథ తేల్చాలి. పది పదిహేను మంది ఒకేసారి మాట్లాడుతుంటారు. అందులో గట్టిగా అరిచేవాడు నెగ్గుతాడని మనవాళ్ల అపోహ. స్క్రీనింగ్‌లో పోతే ఆ రోజే బండెక్కాలి. నిలిస్తే తర్వాత మానసిక పరీక్షలు, గ్రౌండు మీద గ్రూపు పనులు, ఇంటర్వ్యూ. అరగంటలో అరవై సందర్భాలు ఇచ్చి "నువ్వయితే ఏం చేస్తావు" అని రాయమంటారు. పరీక్షకి వెళ్తుంటే దారిలో యాక్సిడెంట్ కనపడింది అని ఇస్తే, కోచింగ్‌లో నేర్చుకున్న కుర్రాడు గాయపడినవాడిని ఆసుపత్రిలో చేర్పిస్తాడు, రక్తం ఇస్తాడు, పోలీసులకి చెబుతాడు, అయిదు నిమిషాలు ముందే పరీక్ష హాల్లో ఉంటాడు. అరవైకి అరవై అలాగే రాస్తే చదివేవాళ్లకి ఆ కుర్రాడు ఎక్కడా కనపడడు.

మా దగ్గర ఒకడు ఇలాగే తయారవుతుంటే, మాటల్లో 2022 జూలై గోదావరి వరద సంగతి వచ్చింది. లంకలో ఇల్లు మునిగితే ముసలివాళ్లని నావలో గట్టుకి చేర్చాడు, గేదెల్ని వదల్లేక మళ్లీ వెనక్కి వెళ్లాడు, ఎవరిని ముందు దాటించాలో ఆ చీకట్లో వాడే తేల్చాడు. అప్పటికి ఇంటర్. "ఇది ఎందుకు చెప్పలేదురా?" అంటే, "అందులో చెప్పడానికేముంది మేస్టారూ, అందరూ చేసిందే కదా" అన్నాడు. ఎస్‌ఎస్‌బీలో వెతికేది సరిగ్గా దాన్నే. డెల్టా కుర్రాళ్ల దగ్గర సరుకు ఉంటుంది. దాన్ని నాలుగు ఇంగ్లిష్ వాక్యాల్లో టెన్షన్ లేకుండా చెప్పే అలవాటు ఉండదు. ఆ అలవాటు రెండు నెలల క్రాష్ కోర్సులో రాదు, డిగ్రీ మూడేళ్లూ పడుతుంది. కాలేజీలో ఉండగానే మొదలుపెట్టాలని నేను పోరేది అందుకే.

కాలేజీలో ఉన్నవాడికి ఇంకో లాభం ఎన్‌సీసీ. ఎన్‌సీసీ చివర ఇచ్చే సీ సర్టిఫికెట్ కనీసం బీ గ్రేడ్‌తో ఉండి, డిగ్రీలో 50 శాతం ఉంటే, రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలిచే ప్రత్యేక ఎంట్రీ ఉంది. సీట్లు తక్కువ. అయినా సీడీఎస్‌తో పాటు దీనికీ పెట్టుకుంటే ఏడాదికి అవకాశాలు పెరుగుతాయి. సీ సర్టిఫికెట్ మూడో ఏడాదిలో గానీ చేతికి రాదు కాబట్టి మొదటి ఏడాదిలోనే చేరాలి. "మేస్టారూ, ఎన్‌సీసీలో చేరతాను" అని మూడో ఏడాదిలో వచ్చేవాడికి నేను ఏమీ చేయలేను. బీటెక్ వాళ్లకి టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు (టీజీసీ), షార్ట్ సర్వీస్ టెక్నికల్ ఎంట్రీలు 27 ఏళ్ల దాకా ఉన్నాయి, వాటికీ రాతపరీక్ష లేదు. కాబట్టి ఇంజనీరింగ్ పిల్లలు వయసైపోతోందని అగ్నివీర్‌కి పరిగెత్తాల్సిన పనే లేదు. ఆడపిల్లలకి అగ్నివీర్‌గా ఆర్మీలో మిలిటరీ పోలీసు విభాగం ఉంది, ఆఫీసర్ కావాలంటే ఓటీఏకి సీడీఎస్, ఎన్‌సీసీ, టెక్నికల్ ఎంట్రీలు అన్నీ ఉన్నాయి. డిగ్రీ చదివే అమ్మాయికి ఆఫీసర్ దారే విశాలం.

మరి ఎవరికి ఏది? ఇంట్లో ఇంకో రెండేళ్లు నెట్టుకురాగలిగితే డిగ్రీ ఆపకూడదు. ఆఫీసర్ కాలేకపోయినా ఆ డిగ్రీ, నేర్చుకున్న ఇంగ్లిష్ బ్యాంకు పరీక్షలకో గ్రూప్స్‌కో పనికొస్తాయి. అగ్నివీర్‌లో చేరాక మధ్యలో వచ్చేస్తానంటే ఒప్పుకోరు, ఆ నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు కూడా. ఇవి తెలిసి, ఇంట్లో నిజంగా జరుగుబాటు లేక, వయసు ఇంకా పందొమ్మిది లోపు ఉన్నవాడు వెళ్తానంటే నేను అడ్డు చెప్పను. జవాను ఉద్యోగం ఆఫీసర్‌కి మెట్టు అనుకోకుండా, ఆ ఉద్యోగం కోసమే వెళ్లాలి. ఇగ్నోలో పేరు మాత్రం మొదటి ఏడాదే నమోదు చేసుకోవాలి.

ఇక మధ్యలో ఇరుక్కుపోయినవాడు ఒకడుంటాడు. చివరి ఏడాది, ఇరవై దాటింది, ఎన్‌సీసీ లేదు, తండ్రి మూడెకరాల కౌలు. వాడికి నేను చెప్పేది ఇది: ఈసారి సీడీఎస్‌కి దరఖాస్తు పెట్టేటప్పుడు ఓటీఏ టిక్కు మర్చిపోవద్దు. ర్యాలీకి కూడా వెళ్లు, శరీరం ఎక్కడుందో తెలుస్తుంది. అగ్నివీర్‌లో పేరు వస్తే సీడీఎస్ ఫలితం చూసుకుని, నాన్నతో కూర్చుని ఇంటి అప్పు ఎంతో కాగితం మీద రాసి నిర్ణయించుకో. నెలకి ఇరవై ఒక్క వేలతో తీరే అప్పయితే వెళ్లు. తీరనిదయితే, దానికోసం డిగ్రీ ఆపినా తీరదు.