సంక్రాంతికి పూసే క్రిస్మస్ కాక్టస్: ఏళ్ల తరబడి పెంచాక

నర్సరీల్లోనూ, అమెరికాలో నవంబరు రాగానే కిరాణా దుకాణాల్లోనూ క్రిస్మస్ కాక్టస్ పేరుతో అమ్మేది చాలావరకు అసలుది కాదు. ఆకులా కనిపించే ముక్క నిజానికి కాండమే. దాని అంచుకు మొనదేలిన పళ్లుంటే అది ష్లంబర్‌గెరా ట్రంకాటా, అంటే థాంక్స్‌గివింగ్ కాక్టస్. అంచు గుండ్రంగా ఒంపులు తిరిగి, పువ్వు నేలచూపు చూస్తుంటే ష్లంబర్‌గెరా బక్లీయై, అదీ అసలు క్రిస్మస్ కాక్టస్. 1850 ప్రాంతంలో ఇంగ్లండులో విలియం బక్లీ పుట్టించిన సంకరం. అనుమానముంటే పుప్పొడి చూడండి: ట్రంకాటాకు పసుపు, బక్లీయైకి గులాబీ. పెంపకంలో మాత్రం తేడా ఏమీ లేదు కాబట్టి ఏది దొరికినా తీసుకోవచ్చు.

ఈ మొక్కల పుట్టిల్లు బ్రెజిల్‌లో రియో డి జనీరో దగ్గరి కొండ అడవులు. అక్కడ ఇవి మబ్బులు తగిలే చెట్ల కొమ్మల మీద, బండల సందుల్లో, కుళ్లిన ఆకుల పొడిలో వేళ్లూనుకుని బతుకుతాయి. కాక్టస్ అన్నారు కదా అని బ్రహ్మజెముడులా ఎండలో పెట్టి నీళ్లు మానేస్తే చచ్చిపోయేది అందుకే. తోటమట్టిలో పాతినా అంతే, వేళ్లకు గాలి అందదు.

మాకు బాగా కుదిరిన మిశ్రమం: ఉప్పు పోయేలా రెండుసార్లు కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) రెండు పాళ్లు, పెర్లైట్ (మట్టి గుల్లగా ఉండేందుకు కలిపే తేలికైన తెల్ల గుళికలు) ఒక పాలు, మాగిన వర్మికంపోస్ట్ ఒక పాలు. పెర్లైట్ లేకపోతే శనగగింజంత ఇటుక ముక్కలు వేయొచ్చు. కుండీ 5 అంగుళాలది చాలు. పెద్దదైతే మధ్యలో తడి ఆరక వేరు కుళ్లుతుంది. పైన అంగుళం ఆరాక అడుగునుంచి కారేదాకా నీళ్లు పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయాలి. బోరు నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు) ఎక్కువైతే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. అలాంటప్పుడు వాన నీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ మేలు. ఎరువు జూన్ నుంచి ఆగస్టు దాకానే: 15 రోజులకోసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు), లీటరు నీళ్లకు ఒక గ్రాము.

ముక్కలు వడలి వేలాడితే వెంటనే నీళ్లు పోసేస్తారు చాలామంది. ముందు మట్టి ముట్టుకోండి. పొడిగా ఉంటే నీళ్లే మందు. తడిగా ఉండి కూడా వడలిందంటే వేళ్లు పోయాయి. ఒక వేరు పట్టి లాగితే పైతొక్క జారిపోయి సన్నటి దారం మిగులుతుంది, అదే గుర్తు. ఇక ఆ వేళ్లమీద ఆశ వదులుకుని, గట్టిగా ఉన్న చివర్ల నుంచి రెండు మూడు ముక్కల కొమ్మలు మెలిపెట్టి తుంచి, ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, కింది ముక్క సగం దాకా కొత్త మిశ్రమంలో గుచ్చండి. వానాకాలంలో నెలలోపే పట్టుకుంటాయి. ముక్కలు ఎర్రబారితే ఎండ ఎక్కువైనట్టు, లేదా మెగ్నీషియం తగ్గినట్టు. నీడకు జరిపినా రంగు మారకపోతే 4 లీటర్లకు ఒక టీస్పూన్ ఎప్సమ్ సాల్ట్ కలిపి పోయాలి.

అసలు చిక్కంతా పూతతోనే. మొగ్గ కట్టాలంటే వరుసగా ఆరు వారాలు రాత్రికి 13-14 గంటల చీకటి, 15-20 డిగ్రీల చల్లదనం కావాలి. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పొడుగు రాత్రి కూడా 13 గంటల దగ్గరే ఆగుతుంది. దానికి తోడు హాల్లో పదకొండింటిదాకా ట్యూబ్‌లైటు, టీవీ. కాబట్టి నవంబరు మొదట్నుంచి సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఎనిమిది దాకా అట్టపెట్టె బోర్లించండి. పగలు తూర్పు కిటికీ వెలుతురు చాలు. అంతకు ముందే, సెప్టెంబరు చివర్లో, కొసన ఉన్న వేలిగోరంత లేత ముక్కలు గిల్లేయాలి, ముదిరిన ముక్కకే మొగ్గ వస్తుంది. ఈ చీకటి వారాల్లో నీళ్లు పూర్తిగా ఆపాలని కొందరంటారు. అక్కర్లేదు, కాస్త తగ్గిస్తే చాలు. మూడు నాలుగు వారాలకు కొసన ఎర్రటి చుక్క పొడుస్తుంది. గుండ్రంగా ఉంటే మొగ్గ, చదునుగా ఉంటే కొత్త ముక్క. ఆ లెక్కన ఇక్కడ పూత క్రిస్మస్‌కు కాదు, సంక్రాంతికి.

మొగ్గలు కనబడ్డాక కుండీని చోటు మార్చకండి. మట్టి పూర్తిగా ఎండినా, నీళ్లు నిలిచినా, ఏసీ గాలో హీటరు గాలో సూటిగా తగిలినా రాలిపోతాయి. ఎవరూ అనుమానించని దొంగ ఇంకొకటుంది: పక్కన పెట్టిన అరటిపళ్ల గెల. పండేటప్పుడు వెలువడే ఇథిలీన్ చాలు మొగ్గలు ఊడిపోవడానికి.

విజయవాడ, విశాఖల్లో మొక్క ఏపుగానే పెరుగుతుంది గానీ, నవంబరు రాత్రులు 20 డిగ్రీలు దాటే ఉంటాయి కనుక పూత పలచన. డిసెంబరులో మొగ్గలున్న కుండీ కొని ఆ ఏటికి చూసుకోవడమే అక్కడ లాభం. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇంత శ్రమ ఉండదు. న్యూజెర్సీలో అయితే హీటరు తక్కువగా నడిచే గది కిటికీ చాలు: 10-15 డిగ్రీల మధ్య ఉంటే చీకటి లెక్కలు కూడా అక్కర్లేదు. పసుపు రకం ఎంచుకున్నవాళ్లు మాత్రం మరీ చల్లటి గదిలో పెట్టొద్దు, రేకులకు గులాబీ ఛాయ వచ్చేస్తుంది.