రెండు దవడల ఆపరేషన్: నాలుగేళ్ల తర్వాత

పైదవడ, కిందిదవడ ఎముకలను కోసి సరైన చోటికి జరిపే శస్త్రచికిత్స చేయించుకుని నాలుగేళ్లు దాటింది. మొదటి ఏడాదిలోనే రాసి ఉంటే ఈ సమీక్ష ఇంకోలా ఉండేది. అప్పటికి వాపు పూర్తిగా దిగలేదు, కింది పెదవికి స్పర్శ లేదు. ఇప్పుడు నిబ్బరంగా చెప్పగలను: నా నోటికి ఇది అవసరమైన ఆపరేషన్, మళ్లీ ఆ పరిస్థితే వస్తే మళ్లీ చేయించుకుంటాను. కానీ అద్దంలో గడ్డం నచ్చలేదన్న ఒక్క కారణంతో నన్ను సలహా అడిగేవాళ్లకు మాత్రం వద్దనే చెబుతున్నాను.

మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు ఊరు. నల్లగొండలో ఒక బడిలో తెలుగు పాఠాలు చెబుతాను. నా కిందిదవడ మొదటి నుంచీ ముందుకు ఉండేది. నోరు మూసినా పైన ముందు పళ్లకూ కింద పళ్లకూ మధ్య నాలుక కొస పట్టేంత సందు. జొన్నరొట్టెను ముందు పళ్లతో కొరికి తెంపడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. చేత్తో తుంచి వెనక పళ్ల మధ్య పెట్టుకునేదాన్ని. జామకాయ తినాలంటే కత్తి ఉండాల్సిందే. భారమంతా మోసిన ఆ వెనక పళ్లు పాతికేళ్లకే అరగడం మొదలైంది, చెవి ముందు కీలు దగ్గర నొప్పి పట్టుకుంది. పాఠం చెబుతుంటే ‘స’, ‘ఫ’ పళ్ల సందులోంచి జారిపోయేవి, వెనక బెంచీ పిల్లలు మళ్లీ చెప్పమనేవారు. నా నోరు ఏయే పనులు చేయలేకపోతోందో ఒక కాగితం మీద రాసుకున్నాను. నా నిర్ణయానికి ఆధారం ఆ కాగితమే.

ఇంట్లో మాత్రం చర్చ వేరే దారిలో నడిచింది. సంబంధాలు చూస్తున్నాం కదా, తొందరగా చేయించండని మేనత్త. బతికి ఉండగా ముఖం కోయించుకుంటావా బిడ్డా అని నానమ్మ. నాన్న ఏమీ అనలేదు. నాది అచ్చం ఆయన గడ్డమే. ఆపరేషన్ మాట ఎత్తితే ఆయన పోలిక వద్దన్నట్టు వినబడుతుందేమోనని చాలా తటపటాయించాను. చివరికి కాగితం ఆయన చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, “నాకు కూడా రొట్టె తెగదు. అందరికీ అంతే అనుకున్నాను” అన్నారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ సంబంధాల సంగతి దీనికి ముడిపెట్టలేదు.

మా వైపు వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. మా ఊళ్లలో బోరు నీళ్లు తాగి పెరిగిన తరానికి పళ్ల మీద గోధుమ రంగు ఫ్లోరైడ్ చారలు ఉంటాయి. క్లిప్పులు వేసేటప్పుడు పంటి పైపొరను ఆమ్లంతో కాస్త గరుకు చేసి బ్రాకెట్ (తీగను పట్టి ఉంచే చిన్న బిళ్ల) అతికిస్తారు. ఫ్లోరైడ్ పట్టిన పైపొర ఆ ఆమ్లానికి సులువుగా లొంగదు, అందుకే బ్రాకెట్లు ఊడిపోతుంటాయి. నావి తరచూ ఊడేవి. ఊడినప్పుడల్లా బస్సెక్కి హైదరాబాద్ పోవాలంటే సెలవు దొరకాలి, ఓపిక ఉండాలి. క్లిప్పుల డాక్టర్‌కు మొదటి రోజే మీ ఊరి నీళ్ల సంగతి చెప్పండి. దంత వైద్య కళాశాలలు నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో కూడా ఉన్నాయి. రెండో అభిప్రాయానికి రాజధాని దాకా పోనక్కరలేదు.

అందరూ ఆపరేషన్‌కే భయపడతారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది దానికి ముందు క్లిప్పులతో గడిపిన ఏడాదిన్నర. దవడల తేడాను సర్దుకోవడానికి పళ్లు ఏళ్ల తరబడి వాటంతట అవే ఒరిగి ఉంటాయి. సర్జన్ ఎముకను సరైన చోట కూర్చోబెట్టాలంటే ముందు ఆ పళ్లను నిటారుగా నిలబెట్టాలి. నిలబెట్టాక దవడల అసలు తేడా మొత్తం బయటపడుతుంది. అంటే చికిత్స మొదలయ్యాక ముఖం బాగుపడకపోగా ఇంకా చెడినట్టు కనిపిస్తుంది. గడ్డం మరింత ముందుకు వచ్చింది, నమలడం మరింత కష్టమైంది. స్టాఫ్ రూమ్‌లో డబ్బా తెరవడం మానేశాను. ముఖం కోసమే మొదలుపెట్టినవాళ్లు ఈ దశలో కుంగిపోవడం ఖాయం. నాకైతే కాగితం మీది లెక్క మారలేదు కాబట్టి నిలబడగలిగాను. జ్ఞాన దంతాలు కూడా ఆపరేషన్‌కు నెలల ముందే తీసేశారు, ఎముక కోసే చోట అవి అడ్డు రాకూడదని.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. క్లిప్పులకు వేరు, సర్జన్‌కు వేరు, ఎముకను బిగించే ప్లేట్లకు వేరు, ఆసుపత్రి గదికి వేరు. ఏది ఎందులో కలిసి ఉందో ముందే కాగితం మీద రాయించుకోండి. బీమా కంపెనీ మొదట ఇది అందం కోసం చేసే చికిత్స అని తిప్పి పంపింది. నమలడంలో ఇబ్బంది, అరిగిన పళ్లు, కీలు నొప్పి వివరిస్తూ సర్జన్ ఉత్తరం ఇచ్చాక కొంత భాగం చెల్లించింది. ఆ ఉత్తరం ఆపరేషన్‌కు ముందే తీసుకోవాలి.

ఎండల్లో ఈ వాపుతో పడుకోవడం నరకం అని నవంబర్ చివర తేదీ అడిగాను. బయట ఒక్క గాటు కూడా ఉండదు, అంతా నోటి లోపలి నుంచే. పైదవడను పళ్ల వేళ్లకు పైన అడ్డంగా కోసి కదిలిస్తారు. కిందిదవడను రెండు వైపులా పొరలుగా చీల్చి వెనక్కి జరుపుతారు. హ్యూగో ఒబ్వెగేసర్ అనే సర్జన్ 1950ల్లో తెచ్చిన పద్ధతి ఇది. తర్వాత టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. పళ్ల కలయికను చూసుకుంటూ పని చేయాలి కాబట్టి మత్తు గొట్టం నోట్లోంచి కాక ముక్కులోంచి వేస్తారు.

నొప్పి నేను అనుకున్నంత లేదు. శ్వాసదే అసలు పరీక్ష. ముక్కు రక్తంతో దిబ్బడ వేసి, పళ్లను ఎలాస్టిక్ బ్యాండ్లు పట్టి ఉంచి, గొంతు వాచి, మొదటి రెండు రాత్రులు కూర్చునే గడిపాను. మింగిన రక్తం నల్లగా వాంతి అయినప్పుడు అమ్మ హడలిపోయింది. అది మామూలేనని నర్సు ముందే చెప్పి ఉంటే అంత భయపడేది కాదు. బ్యాండ్లు తెంచడానికి చిన్న కత్తెర తలగడ పక్కనే పెట్టారు. వాడాల్సిన అవసరం రాలేదు కానీ, అది అక్కడ ఉందన్న ధైర్యంతోనే కన్ను మూతపడేది. వాపు రెండో మూడో రోజుకు పతాక స్థాయికి చేరుతుంది. అప్పుడు ముఖం చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. డిశ్చార్జ్ కాగానే నేరుగా ఊరికి వెళ్లకుండా వనస్థలిపురంలో పిన్ని ఇంట్లో ఉన్నాం. రక్తస్రావమో జ్వరమో వస్తే నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు ప్రయాణం చేయాల్సి వచ్చేది.

తిండి సంగతి అమ్మ చూసుకుంది. పెద్ద సిరంజి కొసకు మెత్తని గొట్టం తొడిగి బుగ్గ లోపల వెనక్కి పెట్టి, కొద్దికొద్దిగా వదలాలి. జొన్న అంబలి ఎంత పలచగా కాచినా రవ్వ కుట్ల దగ్గర చిక్కుకునేది. పాత నూలు చీర ముక్కలో వడగట్టాక సరిపోయింది. పప్పుకట్టులో నెయ్యి, మజ్జిగలో ఉప్పు, బొక్కల సూప్ మీద తేలే నూనె తీసేసి ఇచ్చేది. పచ్చిపులుసు అడిగాను, పులుపూ పచ్చిమిర్చీ కుట్లకు పడవని ఇవ్వలేదు. తిన్న ప్రతిసారీ పిల్లల బ్రష్‌తో తోముకుని, మందు నీళ్లతో పుక్కిలించాలి. సంక్రాంతికి మెత్తని అన్నం దాకా వచ్చాను. ఇంటినిండా సకినాల వాసన, నాకు మాత్రం పాలల్లో నానబెట్టిన ఒక్క చుట్టు. బట్టలు వదులైపోయాయి, పోయిన బరువు వేసవికి తిరిగి వచ్చింది.

మూడో వారం గురించి ఎవరూ చెప్పరు. నొప్పి తగ్గింది, చూడటానికి వచ్చేవాళ్లు ఆగిపోయారు, ముఖం మాత్రం ఇంకా నాది కాదు. కారణం లేకుండా ఏడుపు వచ్చేది. మాట్లాడితే అర్థం కాదు కాబట్టి పలక మీద రాసేదాన్ని. ఇది చాలామందికి వచ్చే దశేనని, వాపుతో పాటు తగ్గుతుందని డాక్టర్ అన్నారు. తగ్గింది కూడా. ఆ వారాల్లో రోగిని ఒంటరిగా ఉంచవద్దని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

ఇక తిమ్మిరి. కిందిదవడ లోపలి నుంచే పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చే నరం వెళ్తుంది, ఎముక చీల్చేటప్పుడు అది సాగుతుంది, నలుగుతుంది. నెలల పాటు పెదవి మీద అన్నం మెతుకు ఉన్నా తెలిసేది కాదు. టీ వేడి తెలియక ఒకసారి కాలింది. తర్వాత చీమలు పాకినట్టు జివ్వుమనడం మొదలైంది, నరం కోలుకుంటోందనడానికి అదే గుర్తు అన్నారు. ఈరోజుకు కూడా కుడివైపు పెదవి కింద రూపాయి బిళ్లంత చోటు మొద్దుగానే ఉంది. ఇక తిరిగి రాదనే అనుకుంటున్నాను. నేను కట్టిన అసలు మూల్యం అదే. రొట్టె కొరకగలుగుతున్నాను, ‘స’ సూటిగా పలుకుతోంది, కీలు నొప్పి లేదు కాబట్టి నాకు గిట్టుబాటైంది. పళ్లు చక్కగా కలిసే మనిషికి గడ్డం ఆకారం కోసం అది గిట్టదు.

మేనత్త కొడుకుదీ ఇదే దవడ. ఇంటర్ చదువుతున్నాడు, వెంటనే చేయించుకుంటానని నన్ను పట్టుకున్నాడు. ఎదుగుదల ఆగకముందు చేస్తే కిందిదవడ మళ్లీ పెరిగి మొదటికి వస్తుంది. మగపిల్లలకు అది ఇరవై దగ్గరి దాకా కూడా పెరగవచ్చు. అందుకే ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించి పోల్చి చూడమన్నాను. ఈలోగా తన కాగితం తనే రాసుకోమన్నాను. మొదటి వరుసలో ‘ఫోటోలు’ అని రాశాడు, రెండో వరుస ఇంకా ఖాళీగా ఉంది.