ఆరేళ్ల వారంటీ ఉన్న జీటీఐకి ట్యూన్ వేయించాను: 91,000 మైళ్ల తర్వాత నా అనుభవం

2018 ఆగస్టులో డాలస్‌లో కొత్త ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ కొన్నాను. మాన్యువల్ గేరు, గళ్ల గుడ్డ సీట్లు, గేరు రాడ్ మీద గోల్ఫ్ బంతి. ఇవాళ్టికి 91,000 మైళ్లు తిరిగింది. అందులో 70 వేలకు పైగా ట్యూన్, అంటే పవర్ పెంచే ఇంజిన్ సాఫ్ట్‌వేర్, వేయించాక తిరిగినవే. బండి గురించి అడిగేవాళ్లంతా ముందు హార్స్‌పవర్ సంగతే అడుగుతారు. వారంటీ మాట వెళ్లిపోతూ గుమ్మం దగ్గర అడుగుతారు. నేను మొదట చెప్పాలనుకున్నది అదే.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ 2 లీటర్ల టర్బో ఇంజిన్ 220 హార్స్‌పవర్, 258 పౌండ్-ఫీట్ టార్క్ ఇస్తుంది. ఆ ఏడాది అమెరికాలో అమ్మిన ఈ మోడల్‌కి 6 ఏళ్లు లేదా 72,000 మైళ్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ. ఈ తరగతి కార్లకి అంత పెద్ద వారంటీ అరుదు. ఆ విలువ అప్పట్లో నాకు తెలియలేదు.

2019 అక్టోబర్‌లో, 17,000 మైళ్ల దగ్గర, స్టేజ్ 1 ట్యూన్ వేయించాను. స్టీరింగ్ కింద ఉన్న పోర్టుకి కేబుల్ తగిలించి, ల్యాప్‌టాప్ నుంచి ఇంజిన్ కంప్యూటర్‌లోకి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. అరగంట కూడా పట్టలేదు. ఒక్క బోల్టు విప్పలేదు. 93 ఆక్టేన్ పెట్రోలు మీద 300 హార్స్‌పవర్‌కి అటూ ఇటూ వస్తుందన్నారు. ఆ సాయంత్రమే శామ్ రేబర్న్ టోల్‌వే ర్యాంపు మీద మూడో గేరులో తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయింది. ట్రక్కుల మధ్యలోకి వెళ్లడానికి ఇక ఆలోచించే పని లేకపోయింది. ఆ ఆనందం ఏడాది దాటినా తగ్గలేదు.

వేసవిలో మాత్రం తేడా తెలుస్తుంది. జూలైలో బయట 100 ఫారెన్‌హీట్ దాటితే, రెండు మూడు సార్లు గట్టిగా తొక్కేసరికి ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచే భాగం) వేడెక్కిపోతుంది. వేడి గాలి లోపలికి వెళ్లేకొద్దీ కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, పికప్ పడిపోతుంది. జనవరిలో ఉన్న బండి, ఆగస్టులో ఉన్న బండి ఒకటి కాదు.

అసలు విషయం 2021 వసంతంలో మొదలైంది. దాదాపు 29,000 మైళ్లు. ఐదో గేరులో 65 మీద వెళ్తూ ఓవర్‌టేక్ చేద్దామని నిండా తొక్కాను. ఆర్పీఎం ముల్లు 2,500 నుంచి 3,500కి ఎగిరింది. స్పీడ్ ముల్లు మాత్రం 65 మీదే ఉంది. కాసేపటికి మాడిన అట్టలాంటి వాసన లోపలికి వచ్చింది. క్లచ్ జారుతోంది.

కారణం సూటిగా ఉంది. క్లచ్ ప్లేటుని నొక్కి పట్టే బలం కంపెనీ ఇచ్చిన టార్క్‌కి సరిపోయేలా, పైన కొంత వెసులుబాటుతో లెక్కగట్టి పెడతారు. నేను వేయించిన ట్యూన్ తక్కువ ఆర్పీఎంలోనే ఆ వెసులుబాటునంతా తినేసింది. పై గేర్లలో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువసేపు అదే బరువు మీద ఉంటుంది కాబట్టి మొదట బయటపడేది అక్కడే. ఈ తరం మాన్యువల్ జీటీఐ ట్యూన్ చేయించినవాళ్లు చాలామంది ఇదే చూశారు. తప్పు బండిది కాదు, నాది. క్లచ్ అరిగే భాగం, వారంటీలో రాదని కూడా తెలుసు.

కానీ సర్వీసు వేళ కావడంతో డీలర్ దగ్గరికి తీసుకెళ్లి, క్లచ్ సంగతి చెప్పాను. సర్వీస్ అడ్వైజర్ నెమ్మదస్తుడు. "ఇంజిన్ సాఫ్ట్‌వేర్ ఏమైనా మార్పించారా?" అని అడిగాడు. అవునన్నాను. "మరి స్కానర్ పెడితే టీడీ1 పడుతుంది, పెట్టమంటారా?" అన్నాడు. పెట్టమన్నాను. ఆ కాసేపట్లో 2024 వరకు ఉన్న ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ చేజారింది.

టీడీ1 అంటే ఫోక్స్‌వాగన్ గ్రూపు రికార్డుల్లో మన బండి మీద పడే గుర్తు. కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్, కంపెనీ విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ సరిపోలకపోతే ఛాసిస్ నంబరు మీద అది నమోదవుతుంది. ఆ తర్వాత ఏ ఊరి డీలర్‌కైనా కనిపిస్తుంది. బండి అమ్మేసినా కొత్త ఓనరుతోనే వెళ్తుంది. డీలర్ దగ్గరికి వెళ్లేముందు పాత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సరిపోతుందని చాలామంది చెప్తారు. కానీ ఎన్నిసార్లు ప్రోగ్రామ్ చేశారో కంప్యూటర్ లెక్క పెట్టుకుంటుంది. ఆ సంగతి పక్కన పెట్టినా, అడిగిన మనిషి ముఖం చూసి అబద్ధం చెప్పడం నాకు సమ్మతం కాదు.

అయితే వారంటీ మొత్తం పోయిందనుకోవడం పొరపాటు. టీడీ1 దెబ్బ ఇంజిన్, టర్బో, గేర్‌బాక్స్ వంటి భాగాల మీద. ఏసీ, తలుపు లాకులు, స్క్రీను వాటితో సంబంధం లేనివి. రీకాల్ పని ఎవరికైనా ఉచితమే.

చట్టం గురించి కూడా తెలుసుకోవాలి. ఇక్కడ 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. బయటి సామాను వాడారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ కాదనకూడదు, చెడిపోవడానికి ఆ సామానే కారణమని చూపించాలి. కేసు గెలిస్తే లాయరు ఖర్చులు కూడా రాబట్టుకోవచ్చు. స్ప్రింగులు మార్పించాను కాబట్టి టర్బో కవర్ కాదంటే వాదించడానికి మీకు బలం ఉంటుంది. ట్యూన్ సంగతి వేరు. అది టర్బో ఒత్తిడినే పెంచింది కదా, టర్బో పోతే సంబంధం లేదని ఎవరు ఒప్పుకుంటారు? పైగా గెలిచేదాకా బండి లిఫ్టు మీద, మనం అద్దె కారులో.

క్లచ్ బయటి షెడ్డులో మార్పించాను, బలమైన రకం, ఫ్లైవీల్‌తో కలిపి 2,300 డాలర్లు. పెడల్ కొంచెం బరువైంది, ట్రాఫిక్‌లో ఎడమ మోకాలికి తెలుస్తుంది. అప్పటి నుంచి నెలకి 100 డాలర్లు ఈ బండి కోసమే విడిగా వేస్తున్నాను. కంపెనీ 10,000 మైళ్లకి మార్చమన్న ఆయిల్‌ని 5,000కే మారుస్తాను. స్పార్క్ ప్లగ్గులు కూడా గడువు దాకా ఆగను. ఇన్నేళ్లలో ఇంజిన్ నన్ను ఒక్కసారి కూడా రోడ్డు మీద వదలలేదు. అది అదృష్టమో జాగ్రత్తో విడదీసి చెప్పలేను.

దీని తర్వాతి మెట్టు, స్టేజ్ 2 జోలికి వెళ్లలేదు. దానికోసం చాలాసార్లు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం) తీసేసే పైపు వేస్తారు. అది ఫెడరల్ క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం. డాలస్, కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఏటా పొగ పరీక్ష ఉంటుంది. అన్నిటికంటే, క్యాటలిటిక్ కన్వర్టర్‌కి 8 ఏళ్లు లేదా 80,000 మైళ్ల ఫెడరల్ ఉద్గార వారంటీ అప్పట్లో విడిగా ఉండేది. దాన్ని నా చేతులతో నేనే పీకేసుకోలేకపోయాను.

మళ్లీ కొంటే ఏం చేస్తానని అడిగితే: టైర్లు, బ్రేక్ ప్యాడ్లు మొదటి రోజే. ఇంజిన్ మౌంటులో వేసే చిన్న పాలీయూరెథేన్ ముక్క కూడా. చవక సామానే అయినా చక్రాలు ఎగిరెగిరి పడటాన్ని బాగా తగ్గించింది. ట్యూన్ మాత్రం వారంటీ ముగిసిన మర్నాడు. అంతవరకు ఆగలేకపోతే, వారంటీ ఇచ్చే ట్యూన్ ఏదైనా ఉందేమో వెతుకుతాను. బీఎండబ్ల్యూలకి డైనాన్ సంస్థ కంపెనీ వారంటీకి సరితూగే సొంత వారంటీ ఇచ్చేది. ధర ఎక్కువ, పవర్ తక్కువ, కానీ ఆ తేడా దేనికి కడుతున్నామో ఇప్పుడు నాకు తెలుసు.

హైదరాబాద్‌లో మా తమ్ముడు ఫోక్స్‌వాగన్ వర్టస్ 1.5 టీఎస్ఐ, డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సుది, కొన్నాడు. "అన్నయ్యా, రీమ్యాప్ చేయించనా?" అని ఫోను చేశాడు. రీమ్యాప్ అన్నా ట్యూన్ అన్నా ఒకటే. ఆ ఇంజిన్ టార్క్ 250 న్యూటన్ మీటర్లు, ఆ ఏడు గేర్ల డ్రై క్లచ్ బాక్సు తట్టుకునే హద్దూ 250యే, ఇక పెంచడానికి చోటెక్కడరా అన్నాను. మన దగ్గర మాగ్నసన్-మాస్ లాంటి చట్టం కూడా లేదు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా మార్పిస్తే క్లెయిమ్ వేళ ఆ పేచీ వేరు. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడి వారంటీ పుస్తకం ఫొటో తీసి పంపి, ఇంకా రెండేళ్లుందన్నాడు. మరుసటి వారం కొత్త టైర్లు వేయించాడు.