జేబు రికార్డర్: రెండేళ్లకు పైగా వాడాక

ఆడియో కథనాలు నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు కొన్నాను దీన్ని. జేబులో పట్టే రికార్డర్, పైన రెండు మైకులు, లోపల రెండు ట్రిపుల్-ఏ బ్యాటరీలు, పక్కన హెడ్‌ఫోన్ సాకెట్. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజులో వచ్చేవన్నీ కాస్త అటూఇటూగా ఇలాగే ఉంటాయి.

ఫోన్ ఉండగా ఇదెందుకని చాలామంది అడిగారు. ప్రశాంతమైన గదిలో నోటికి దగ్గరగా పెడితే ఇప్పటి ఫోన్లూ బాగానే రికార్డు చేస్తాయి, కాదనను. నా లెక్కలో ఈ యంత్రం విలువంతా మైకుల్లో లేదు, ఆ హెడ్‌ఫోన్ సాకెట్లో ఉంది. రికార్డవుతున్నది అప్పటికప్పుడే చెవిలో పడుతుంది. ఫ్యాన్ రొద, ఫ్రిజ్ హోరు లాంటివి మన బుర్ర దానంతటదే పక్కన పెట్టేస్తుంది. మైకుకు ఆ తెలివి లేదు.

ఒకసారి వయసు మళ్ళిన టైలర్ ఒకాయనతో మాట్లాడుతున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే ఆయన మాటకన్నా ముందు గోడ గడియారం టిక్కుటిక్కుమంది. అప్పటిదాకా ఆ గదిలో గడియారం ఉందనే గమనించలేదు. చిన్న చప్పుడే గానీ ఎడిటింగ్‌లో ప్రాణం తీస్తుంది. మధ్యలో ఒక వాక్యం తీసేస్తే టిక్కుల వరస తప్పుతుంది, కత్తెర ఎక్కడ పడిందో వినేవాళ్లకి ఇట్టే దొరికిపోతుంది. “తాతగారూ, గడియారం కాసేపు పక్క గదిలో పెట్టనా?” అంటే ఆయన నవ్వి, “పెట్టమ్మా, ఇప్పుడు టైమ్ చూసుకుని ఇవ్వాల్సిన బట్టలేం లేవుగా” అన్నారు. రికార్డర్ ఆన్‌లోనే ఉంది. కథనాన్ని ఆ మాటతోనే మొదలుపెట్టాను.

హెడ్‌ఫోన్స్ ఇంకో పని కూడా చేశాయి, నా నోరు కట్టేశాయి. ఎదుటివాళ్లు చెబుతుంటే “ఊఁ”, “అవునా”, “అయ్యో” అనడం మనకు మర్యాద. చెవిలో మాత్రం ఆ “ఊఁ” వాళ్ల మాట మీద ఎక్కి కూర్చుంటుంది, విడదీయడం కుదరదు. ఇప్పుడు తల ఊపి ఊరుకుంటున్నాను. జవాబు అయిపోయిందనిపించాక కూడా నాలుగైదు సెకన్లు ఆగితే, చాలాసార్లు అసలు మాట అప్పుడే వస్తుంది.

సెట్టింగుల విషయానికొస్తే నేను వాడేది 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైల్, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచేది. స్టీరియోలో గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. 32 జీబీ కార్డు చాలు. శబ్దం స్థాయిని దానంతటదే సర్దే ఆటో లెవెల్ ఆపేయండి. మనిషి ఆలోచిస్తూ ఆగినప్పుడల్లా అది గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలన్న మోతాదు) పెంచేసి గది హోరును పైకి లాగుతుంది, మాట మొదలవగానే కిందికి నొక్కేస్తుంది. గట్టిగా మాట్లాడినప్పుడు మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చేత్తో పెట్టుకుంటే నవ్వులకీ అరుపులకీ పైన చోటు మిగులుతుంది. మీటర్ పైహద్దు సున్నా, దాన్ని తాకి పగిలిన గొంతును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. పొద్దున ఏం తిన్నారని అడిగి లెవెల్ చూసుకోవడం పాత చిట్కాయే, ఇప్పటికీ పనిచేస్తోంది.

దూరం జానెడు. ఇదొక్కటి పాటిస్తే సగం గొడవ వదులుతుంది. మైకు నోటికి ఎదురుగా కాకుండా గడ్డం పక్కగా ఉంటే “ప”, “భ” పలికినప్పుడు గాలి నేరుగా తగలదు. మామూలుగా దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, గది ప్రతిధ్వని మాత్రం అలాగే ఉంటుంది. బాత్రూంలోంచి మాట్లాడినట్టు వినిపించే ఇంటర్వ్యూలకు చాలావరకు కారణం ఇదే.

ఇక చికాకులు. ఒళ్లంతా ప్లాస్టిక్. వేలు కదిలితే బరబరమని రికార్డవుతుంది. చిన్న ట్రైపాడ్ బిగించి దాన్ని పిడిలా పట్టుకోవాలి, లేదా బల్ల మీద మడత పెట్టిన తువ్వాలు వేసి నిలబెట్టాలి. మెల్లగా మాట్లాడేవాళ్ల కోసం గెయిన్ పెంచితే వెనక సన్నగా “స్స్” మొదలవుతుంది. అలాంటప్పుడు కాలర్ మైకే దిక్కు, దాంతో బట్టల రాపిడి గొడవ వేరే. ఆరుబయట స్పాంజి తొడుగు దండగ, బొచ్చు తొడుగే కావాలి. దీంట్లో ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటే సిద్ధంగా ఉందని, నిలకడగా వెలిగితేనే రికార్డవుతోందని అర్థం. టెన్షన్‌లో ఉన్న కొత్తవాళ్లకి ఇదేం డిజైనో! బ్యాటరీలు తీసి కొన్నాళ్లు వదిలేస్తే తేదీ పోతుంది, అందుకే ప్రతి ఫైలు మొదట్లో పేరు, తేదీ నోటితో చెప్పేస్తాను. రీచార్జబుల్ సెల్స్ వాడితే మెనూలో బ్యాటరీ రకం మార్చాలి. లేకపోతే వాటి వోల్టేజీ 1.2 కాబట్టి బ్యాటరీ మీటర్ తప్పు చూపిస్తుంది.

ఇంటర్వ్యూ అయ్యాక ఎవర్నీ కదలనివ్వకుండా ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేస్తాను. అందరూ ఇబ్బందిగా నేల చూపులు చూస్తారు. కోతల మధ్య ఖాళీలు పూడ్చడానికి అదే పనికొస్తుంది. ఎడిటింగ్ ఆడాసిటీలో చేస్తాను, ఉచితం, 2000 నుంచీ ఉంది. వింటూ కంట్రోల్-ఎమ్ కొడితే అక్కడ లేబుల్ పడుతుంది, పని మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. ఊపిరి శబ్దాలన్నీ తీసేయొద్దు, మనిషి మరబొమ్మైపోతాడు. నాయిస్ రిడక్షన్ కొంచెం ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. చివర్లో లౌడ్‌నెస్ మైనస్ 16 లఫ్స్‌కి (చెవికి మొత్తమ్మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే కొలమానం) తెచ్చి వదులుతాను. పాడ్‌కాస్టులకి యాపిల్ చెప్పేది కూడా అదే.

ఇప్పుడు చాలా చిన్న, చాలా పెద్ద శబ్దాలు రెండింటినీ పట్టే 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చాయి, వాటిలో లెవెల్ బెంగ దాదాపు ఉండదు. నేర్చుకునేవాళ్లకి అది తొందరేం లేదని నా అభిప్రాయం. నాలాంటి పాతది సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే తీసుకోవచ్చు. హెడ్‌ఫోన్ పెట్టి వైరు అటూఇటూ కదిపి చూడండి. ఒక చెవిలో శబ్దం తెగుతుంటే మాత్రం వద్దు.